పై అంకె పెరుగుతూ కింది అంకె తగ్గుతోందా? ఇంట్లో బీపీ సరిగ్గా చూసి, మెదడుకి ముప్పుందేమో తెలుసుకునే పద్ధతి

రెండు ప్రశ్నలు నన్ను పదే పదే అడుగుతుంటారు. ఒకటి: "నాన్నగారికి బీపీ 158/72 వచ్చింది. కింది అంకె బాగానే ఉంది కదా, మందు అవసరమా?" రెండోది: "అమ్మకి తలనొప్పి అని ఎంఆర్ఐ తీయిస్తే మెదడులో తెల్ల మచ్చలున్నాయన్నారు. పక్షవాతం ఎప్పుడూ రాలేదే, ఇవెక్కణ్ణుంచి వచ్చాయి?" అడిగేవాళ్లు వేరు కావచ్చు గాని, ఈ రెండు ప్రశ్నల మూలం చాలాసార్లు ఒకటే: రక్తనాళాలు బిరుసెక్కడం.

ఎలా జరుగుతుందో క్లుప్తంగా చెప్పి అసలు పనిలోకి వెళ్తాను. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని వయసులో ఉన్నప్పుడు మెత్తగా సాగుతుంది. గుండె కొట్టిన ప్రతిసారీ ఆ ఊపును కొంత తనలో ఇముడ్చుకుని, రక్తాన్ని నిదానంగా ముందుకు పంపుతుంది. ఏళ్ల తరబడి బీపీ, షుగరు, పొగ, వయసు కలిసి దాన్ని ఎండకు గట్టిపడ్డ నీళ్ల పైపులా చేస్తాయి. అప్పుడు గుండె కొట్టినప్పుడు ఒత్తిడి ఎగిసిపడుతుంది, పై అంకె పెరుగుతుంది. గుండె విశ్రాంతి తీసుకునే క్షణంలో ఒత్తిడి నిలవదు, కింది అంకె తగ్గుతుంది. మెదడు, కిడ్నీలు రక్తాన్ని ఎప్పుడూ ధారాళంగా తీసుకునే అవయవాలు. అందుకే ఆ దెబ్బ దారిలో ఆగకుండా వాటి లోపలి సన్నటి నాళాలదాకా వెళ్లి తగులుతుంది. మెదడు లోతుల్లో కొన్ని సన్న నాళాలు మూసుకుపోయి 3 నుంచి 15 మిల్లీమీటర్ల గుంటలు పడతాయి. మరికొన్ని చోట్ల రక్తం చాలక తెల్ల మచ్చలు వస్తాయి. చెయ్యి, కాలు, మాట దెబ్బతినకపోతే చడీచప్పుడు లేకుండా ఇదంతా జరిగిపోతుంది.

ఇది ముసలితనంలోనే మొదలవుతుందని అనుకోకండి. అమెరికాలో మాసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రామింగ్‌హామ్ ఊళ్లో 1948 నుంచి మూడు తరాలవాళ్లను పరిశీలిస్తూ వస్తున్నారు. అక్కడి మూడో తరంలో, నలభైల్లో ఉన్నవాళ్లలో కూడా, ధమని బిరుసుగా ఉన్నవాళ్ల ఎంఆర్ఐల్లో మెదడు తెల్ల పదార్థంలో (మెదడు భాగాలను కలిపే నరాల తీగలుండే చోటు) తేడాలు కనిపించాయి. నలభై దాటిన మీరు ఇది అమ్మానాన్నల కోసమే చదువుతుంటే, రేపు మీ చేతికీ బీపీ మిషన్ పట్టా (కఫ్) చుట్టుకోండి.

ముందుగా ఇవి సిద్ధం చేసుకోండి

- మోచేతికి పైన, జబ్బకు చుట్టే ఆటోమేటిక్ బీపీ మిషన్. మణికట్టు మిషన్లు, వేలికి పెట్టేవి, చేతి వాచీలు ఈ పనికి వద్దు. స్ట్రైడ్ బీపీ అనే వెబ్‌సైట్‌లో సరిగ్గా కొలుస్తాయని పరీక్షల్లో తేలిన మిషన్ల జాబితా ఉంటుంది. కొనేముందు ఆ మోడల్ పేరు అందులో ఉందో లేదో చూడండి. కంపెనీ పేరు ఉంటే చాలదు, మోడల్ నంబరు కూడా కలవాలి.
- మీ చేతికి సరిపోయే పట్టా. టైలరు టేపుతో జబ్బ మధ్యలో చుట్టుకొలత తీయండి. మిషన్‌తో వచ్చే మామూలు పట్టా ఎక్కువగా 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికే. మీ పట్టా మీద ఎంత రాసి ఉందో చూసి, చేతి కొలత దాటితే పెద్ద పట్టా విడిగా కొనండి. లావు చేతికి చిన్న పట్టా కడితే లేని బీపీ కనిపిస్తుంది.
- వీపు ఆనే కుర్చీ, చెయ్యి ఆన్చడానికి బల్ల, ఒక నోటుబుక్కు.

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంక గడ్డలు తీసిన వైపు చేతికి, డయాలసిస్ కోసం ఫిస్టులా పెట్టిన (ఆపరేషన్‌తో రక్తనాళాలు కలిపిన) చేతికి పట్టా కట్టకూడదు. రెండో చేతికే చూడండి. గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్లకి (ఏట్రియల్ ఫిబ్రిలేషన్) మిషన్ అంకెలు ఒక్కోసారి ఒక్కోలా వస్తాయి. వాళ్లు ప్రతిసారీ మూడుసార్లు చూసి సగటు తీయాలి, డాక్టరు చేత, గాలి కొట్టి స్టెతస్కోపుతో విని చూసే మిషన్‌తో కూడా చూపించుకోవాలి.

ఇక చేయాల్సిన పని

1. వేళ పెట్టుకోండి. ఉదయం లేచి, బాత్రూముకి వెళ్లొచ్చాక, కాఫీ, టిఫిను, బీపీ మాత్ర ఈ మూడింటికీ ముందు చూడాలి. సాయంత్రం పూట రాత్రి భోజనానికి ముందు గాని, పడుకునే ముందు గాని చూడండి. ఏ వేళ పెట్టుకున్నా రోజూ అదే ఉండాలి. అంతకుముందు అరగంట నుంచి కాఫీ, టీ, సిగరెట్, నడక వద్దు. మూత్రం ఆపుకుని కూర్చుంటే పై అంకె 10 పాయింట్లదాకా పెరగొచ్చు.

మాత్ర వేసుకున్నాక గంటకి చూసి "బీపీ కంట్రోల్లో ఉంది" అనుకోవడం నేను ఎక్కువగా చూసే పొరపాటు. మాత్ర 24 గంటలూ పనిచేస్తోందా అన్నది తెలిసేది మర్నాటి మాత్రకు ముందు చూసిన అంకెలోనే.

2. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. వీపు కుర్చీకి ఆనాలి, రెండు పాదాలూ నేలమీద ఉండాలి. కాలుమీద కాలు వేసుకోవద్దు. మంచం అంచున వీపుకి ఆసరా లేకుండా కూర్చోవడం, మఠం వేసుకు కూర్చోవడం రెండూ అంకెను మారుస్తాయి. ఆ ఐదు నిమిషాలూ టీవీ, ఫోను పక్కన పెట్టండి.

3. పట్టా చుట్టండి. చర్మం మీదే చుట్టాలి. చొక్కా చెయ్యి పైకి మడిస్తే అది జబ్బను బిగించేస్తుంది. బిగుతు చేతుల జాకెట్టుతోనూ అదే ఇబ్బంది, వదులుది వేసుకుని కూర్చోండి. పట్టా కింది అంచు మోచేతి మడతకు రెండు వేళ్ల పైన ఉండాలి. పట్టా మీద ఉన్న గుర్తు చేతి లోపలి వైపు నాడి మీదకి రావాలి. పట్టాకీ చేతికీ మధ్య ఒక వేలు దూరేంత వదులుంటే చాలు. చెయ్యి బల్ల మీద ఆన్చి పట్టా గుండె ఎత్తున ఉండేలా చూసుకోండి. బల్ల పొట్టిదైతే దిండు పెట్టండి. చెయ్యి గుండెకు 10 సెంటీమీటర్లు కిందికి దిగితే అంకె 7, 8 పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది.

4. బటన్ నొక్కాక మాట్లాడకండి. ఇది విదేశాల్లో ఉన్న పిల్లలకి ప్రత్యేకంగా చెబుతున్నాను. వీడియో కాల్‌లో "అమ్మా, చూపించు, ఎంతొచ్చింది?" అని అడుగుతూ చూపిస్తే, ఆ మాటలకే అమ్మ బీపీ 10 పాయింట్లు పైకి పోవచ్చు. కాల్ పెట్టేయండి. అమ్మ చూసుకుని, రాసుకుని, ఆ కాగితం ఫొటో పంపుతుంది.

5. ఒక నిమిషం ఆగి మళ్లీ చూడండి. రెండు అంకెలూ రాయండి. మొదటిసారి 156 వచ్చి రెండోసారి 144 వస్తే "రెండోదే నిజం" అని మొదటిది కొట్టేయొద్దు. తక్కువ వచ్చేదాకా ఐదారుసార్లు చూసుకునేవాళ్లూ ఉంటారు. అలా నచ్చిన అంకె ఏరుకుంటే డాక్టరు చేతికి మీ బీపీ అందదు, మీ కోరిక అందుతుంది.

6. మొదటి రోజు రెండు చేతులకీ చూడండి. ఏ చేతికి ఎక్కువ వస్తే ఇకమీదట ఆ చేతికే చూడాలి. పై అంకెలో తేడా ప్రతిసారీ 15 దాటుతుంటే డాక్టరుకి తప్పక చెప్పండి. ఒక చేతి నాళం సన్నబడి ఉండొచ్చు.

7. ఏడు రోజులు చూడండి. పొద్దున రెండు, సాయంత్రం రెండు, మొత్తం 28 సార్లు. మొదటి రోజు నాలుగూ లెక్కలోకి తీసుకోవద్దు, కొత్త మిషన్ కంగారు అందులో ఉంటుంది. మిగిలిన 24 పై అంకెలు కలిపి 24తో భాగించండి. కింది అంకెలకీ విడిగా అలాగే చేయండి. వారం కుదరనివాళ్లు కనీసం 3 రోజులైనా చూడాలి. ఒక్క రోజు, ఒక్క అంకె పట్టుకుని మాత్ర మార్చడం గాని, భయపడటం గాని వద్దు.

8. తేడా తీయండి. పై సగటులోంచి కింది సగటు తీసేయండి. నాన్నగారి వారం సగటు 152/74 అనుకుందాం. 152లోంచి 74 పోతే 78. దీన్ని పల్స్ ప్రెషర్ అంటారు. మామూలుగా ఇది 40 అటూ ఇటూ ఉంటుంది. పెద్దవయసువాళ్లలో 60 గాని అంతకు మించి గాని ఉంటే ధమనులు బిరుసెక్కాయనడానికి అది గుర్తు. ఖర్చు లేకుండా ఇంట్లో దొరికే గుర్తు ఇదొక్కటే, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

9. అరవై దాటినవాళ్లకి నిలబెట్టి కూడా చూడండి. వారంలో ఒకటి రెండుసార్లు చాలు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చూశాక, లేచి నిలబడిన 1 నిమిషానికి ఒకసారి, 3 నిమిషాలకి ఒకసారి చూడాలి. పక్కన ఒక మనిషి పట్టుకోవడానికి ఉండాలి. పై అంకె 20 గాని కింది అంకె 10 గాని పడిపోతే, కళ్లు తిరగకపోయినా సరే, డాక్టరుకి చెప్పండి. మందు పెంచేముందు ఆయనకు ఇది తెలియాలి. ధమని బిరుసుగా ఉన్నవాళ్లలో కూర్చుంటే బీపీ ఎక్కువగా, లేస్తే తక్కువగా ఉండటం తరచూ కనిపిస్తుంది.

అంకెలు వచ్చాయి, ఇప్పుడేం చేయాలి?

ఇంట్లో చూసిన సగటు 135/85 గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే అది బీపీ కిందే లెక్క. రెండింట్లో ఏ ఒక్కటి దాటినా చాలు. నాన్నగారి 152/74లో 74 బాగుంది కాబట్టి సగం బాగున్నట్టు అనుకోవడం ప్రమాదం. యాభై దాటాక పై అంకె పెరుగుతూ కింది అంకె దిగుతోందంటే అది మంచి కబురు కాదు. ఐదేళ్ల కిందటి చీటీల్లో 146/90 ఉండి ఇప్పుడు 152/74 ఉంటే, కింది అంకె చూసి "బీపీ తగ్గుతోంది" అని ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. తేడా మాత్రం 56 నుంచి 78కి చేరింది. పాత చీటీలు పారేయకుండా దాచమనేది ఇందుకే.

"వయసుకి వంద కలిపితే ఎంతో అంత బీపీ ఉండొచ్చు" అన్న పాత లెక్క ఇంకా చాలా ఇళ్లలో వినిపిస్తుంది. 70 ఏళ్లవాళ్లకి 170 ఉండొచ్చన్నమాట! దయచేసి ఆ లెక్క మర్చిపోండి. మెదడు సన్న నాళాలను దెబ్బతీసేది సరిగ్గా ఆ అంకెలే.

తేడా 60 దాటి, పై అంకె మామూలుగానే ఉంటే? కంగారు వద్దు, కాని ఒకసారి చూపించుకోండి. రక్తం తక్కువగా ఉన్నా, థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నా, గుండె బృహద్ధమని కవాటం లీకవుతున్నా తేడా పెరుగుతుంది. అవేవీ కావని తేలాలి. ఇరవైల్లో ఉండి వ్యాయామం చేసే కుర్రాళ్లకి పల్స్ ప్రెషర్ కాస్త ఎక్కువ రావడం మామూలే.

ఒక హెచ్చరిక. పల్స్ ప్రెషర్‌ను తగ్గించడానికంటూ వేరే మాత్ర లేదు. డాక్టరు గురిపెట్టేది పై అంకెకే. పక్కింటాయన వేసుకునే మాత్ర తెచ్చుకోవడం, ఉన్న మాత్రను రెండు చేసుకోవడం, అంకె బాగుందని మానేయడం మూడూ వద్దు. కింది అంకె 60 కంటే దిగువన ఉంటే మందుల మార్పు డాక్టరు ఆచితూచి చేయాల్సిన పని.

అంకె 180/120 దాటితే ఐదు నిమిషాలు కూర్చుని మళ్లీ చూడండి. అంతే ఉండి, ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, తీవ్రమైన తలనొప్పి, మతి తప్పినట్టు మాట్లాడటం ఉంటే ఆసుపత్రికి. మూతి వంకరపోయినా, ఒక చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా బీపీ చూస్తూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి లక్షణం మొదలైన దగ్గర్నుంచి నాలుగున్నర గంటలే గడువు. లక్షణం ఎన్నింటికి మొదలైందో గుర్తుపెట్టుకుని చెప్పండి.

ఎంఆర్ఐలో మచ్చలు ముందే కనిపించి ఉంటే

రిపోర్టులో సాధారణంగా ఇలాంటి మాటలుంటాయి: క్రానిక్ స్మాల్ వెసెల్ ఇస్కీమిక్ చేంజెస్ (సన్న నాళాల్లో రక్తం చాలక వచ్చిన పాత మార్పులు), పెరివెంట్రిక్యులర్ హైపర్ఇంటెన్సిటీస్ (మెదడు లోపల నీరుండే గదుల చుట్టూ తెల్ల మచ్చలు), ఓల్డ్ లాక్యునార్ ఇన్‌ఫార్క్ట్ (సన్న నాళం మూసుకుపోయి పడిన పాత గుంట). పక్కన ఫజేకస్ గ్రేడ్ అని, తెల్ల మచ్చలు ఎంత ఉన్నాయో చెప్పే అంకె 0 నుంచి 3 దాకా ఒకటి ఉండొచ్చు. గ్రేడ్ 1 అంటే అక్కడక్కడ చుక్కలు. అరవై దాటినవాళ్లలో ఇది చాలామందికి ఉంటుంది, దీనికే నిద్ర పోగొట్టుకోకండి. గ్రేడ్ 2, 3 గాని, పాత ఇన్‌ఫార్క్ట్ అన్న మాట గాని ఉంటే న్యూరాలజిస్టుకి చూపించండి.

ఇక్కడ జనం చేసే పొరపాట్లు చూస్తే నాకు బాధగా ఉంటుంది. సొంతంగా ఆస్పిరిన్ మొదలుపెట్టేస్తారు. లక్షణాలు లేని తెల్ల మచ్చలు మాత్రమే ఉన్నప్పుడు ఆస్పిరిన్ వల్ల మేలు జరుగుతుందని రుజువు లేదు, రక్తస్రావం ముప్పు మాత్రం ఉంది. డాక్టరు వేరే కారణానికి రాసిచ్చిన ఆస్పిరిన్‌ను ఇది చదివి ఆపకండి, అది వేరే సంగతి. మరికొందరు మెదడు టానిక్కుల మీద వేలు పోస్తారు. ఇంకొందరు ఆరు నెలలకోసారి ఎంఆర్ఐ తీయిస్తూ, బీపీ మిషన్ మాత్రం కొనరు.

బీపీ తగ్గిస్తే మచ్చలు పెరగడం నెమ్మదిస్తుందనడానికి గట్టి ఆధారమే ఉంది. అమెరికాలో జరిగిన స్ప్రింట్ పరిశోధనలో ఒక గుంపుకి పై అంకె 120 లోపు, మరో గుంపుకి 140 లోపు ఉండేలా మందులిచ్చారు. 2019లో వచ్చిన ఫలితాల ప్రకారం సుమారు నాలుగేళ్లలో తెల్ల మచ్చలు మొదటి గుంపులో సగటున 0.92 ఘన సెంటీమీటర్లు, రెండో గుంపులో 1.45 పెరిగాయి. చూడండి, రెండు గుంపుల్లోనూ పెరిగాయి. ఉన్న మచ్చ పోతుందని ఎవరైనా చెప్పి డబ్బు అడిగితే నమ్మకండి. అలాగే ఈ 120 అంకె చూసి మీ అంతట మీరు మాత్రలు పెంచుకోవద్దు. ఆ పరిశోధనలో షుగరు ఉన్నవాళ్లనీ, అంతకుముందు పక్షవాతం వచ్చినవాళ్లనీ చేర్చుకోలేదు. మీ గురి ఎంతన్నది డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాలి.

ఇంట్లో గమనించదగినవి కొన్నున్నాయి: మోకాళ్ల నొప్పి లేకపోయినా నడక నిదానించడం, అడుగులు చిన్నవై ఈడ్చినట్టు పడటం, అలవాటైన లెక్కలకీ బ్యాంకు పనికీ ఎక్కువసేపు పట్టడం, ఉత్సాహం తగ్గడం, మూత్రం ఆపుకోలేకపోవడం. ఇవన్నీ వేరే కారణాలవల్లా వస్తాయి. కాని నెలల తరబడి పెరుగుతుంటే "వయసైపోయింది" అని సరిపెట్టకుండా డాక్టరుకి చెప్పండి.

పల్స్ వేవ్ వెలాసిటీ పరీక్ష చేయించుకోవాలా?

చాలామందికి అక్కర్లేదు. మెడ నుంచి తొడ దాకా నాడి అల ఎంత వేగంగా పోతుందో కొలిచే పరీక్ష ఇది. సెకనుకి 10 మీటర్లు దాటితే బిరుసుతనం ఎక్కువన్నట్టు. చేతికీ చీలమండకీ పట్టాలు కట్టి చేసే పద్ధతి వేరు, అందులో అంకెలు ఎక్కువగా వస్తాయి. దాన్ని 10తో పోల్చి బెంగపెట్టుకోవద్దు. ఎలాగూ చేయించుకుంటే, అప్పుడు బీపీ ఎంతుందో రిపోర్టు మీద రాయించండి. బీపీ ఎక్కువగా ఉన్న రోజు ఈ వేగం కూడా ఎక్కువే వస్తుంది. అదే డబ్బుతో మంచి బీపీ మిషన్ కొనుక్కుంటే మేలని నా అభిప్రాయం.

అంకె దింపడానికి ఇంట్లో చేయగలిగేవి

ఉప్పు ముందు. రోజుకి మనిషికి 5 గ్రాముల లోపు, అంటే చిన్న చెంచాడు, అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చెంచాలతో రోజూ కొలవడం ఎవరివల్లా కాదు గనక ఇలా చేయండి: ఉప్పు ప్యాకెట్ విప్పిన తేదీ దానిమీదే రాయండి. నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. నెలకే అయిపోతే ఎక్కడ పోతోందో వెతకండి. ఆవకాయ, మాగాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, బయట కొన్న మిక్చరు ఈ ప్యాకెట్ లెక్కలోకి రావు, వాటి ఉప్పు అదనం. పచ్చడి పూర్తిగా మానమని నేను చెప్పను. మూడు పూటల నుంచి ఒక పూటకి తెచ్చినా తేడా కనిపిస్తుంది. పెరుగన్నంలో విడిగా వేసుకునే ఉప్పు మొదటి వారంలోనే మానేయొచ్చు.

సోడియం తక్కువ, పొటాషియం కలిపిన ఉప్పు గురించి చాలామంది అడుగుతున్నారు. ఉత్తర చైనాలో 600 ఊళ్లలో జరిగిన పరిశోధనలో (2021) అలాంటి ఉప్పు వాడినవాళ్లకి పక్షవాతం 14 శాతం తగ్గింది. మంచిదే. కాని కిడ్నీ జబ్బున్నవాళ్లకి, టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పిరొనోలాక్టోన్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకి రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చు. డాక్టరుని అడగకుండా మార్చవద్దు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలా కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న చోట క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) చేయించుకోకుండా ఈ ఉప్పు జోలికి పోనేవద్దు.

నడక వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగి పాట పాడలేనంత వేగంతో. పొగ, ఖైనీ ఆపాలి. గట్టిగా గురకపెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యేవాళ్లు నిద్ర పరీక్ష గురించి అడగండి. షుగరు, కొలెస్ట్రాల్ చూపించుకోండి.

మందుల డబ్బా కూడా ఒకసారి వెతకండి. మోకాళ్ల నొప్పులకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ బీపీని పెంచుతాయి, కొన్ని బీపీ మాత్రల పనిని చెడగొడతాయి. ముక్కు దిబ్బడకి వేసుకునే కొన్ని జలుబు మాత్రలూ, నీళ్లలో బుసబుసమని కరిగే బిళ్లల్లోని సోడియం కూడా అంతే. ఎంత మందు మార్చినా అంకె దిగకపోతే, డాక్టరుకి ఈ పేర్లన్నీ చెప్పండి.

డాక్టరు దగ్గరికి ఏం తీసుకెళ్లాలి? మళ్లీ ఎప్పుడు చూడాలి?

ఒకే కాగితం మీద: ఏడు రోజుల అంకెలు, సగటు, తేడా, నిలబడినప్పటి అంకె, వేసుకునే మాత్రలన్నీ వేళలతో సహా. మూత్రంలో అల్బుమిన్ (ప్రొటీన్) పరీక్ష, రక్తంలో క్రియాటినిన్, ఈసీజీ అవసరమా అని అడగండి. సన్న నాళాలు మెదడులో దెబ్బతింటుంటే కిడ్నీలోనూ దెబ్బతినే అవకాశం ఉంది, మూత్ర పరీక్ష ఎంఆర్ఐ కంటే చాలా చవక. సంవత్సరానికోసారి మీ మిషన్ కూడా పట్టుకెళ్లి క్లినిక్ మిషన్‌తో పోల్చి చూడండి. బ్యాటరీ పాతదైతే ముందే మార్చండి.

మిషన్ కొనలేనివాళ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేర్వేరు రోజుల్లో చూపించుకుని చీటీ మీద రాయించుకోవచ్చు. అక్కడ బీపీ చూడటమూ, మామూలు బీపీ మాత్రలూ ఉచితమే. అక్కడా ఐదు నిమిషాలు కూర్చున్నాకే చూడమని అడగండి. క్యూలోంచి లేచి వచ్చి వెంటనే చెయ్యి చాపితే వచ్చే అంకె మీది కాదు.

మాత్ర మారిస్తే నాలుగు వారాలు ఆగి మళ్లీ ఏడు రోజులు చూడండి. కళ్లు తిరిగినా, తూలినా మాత్రం అప్పటిదాకా ఆగొద్దు. అంకెలు కుదురుకున్నాక మూడు నెలలకోసారి ఒక వారం చాలు. ప్రతి రోజూ పదిసార్లు చూసుకోవడం వల్ల భయం తప్ప మరేం పెరగదు.